ప్లాన్ ముందే గీయాలా, నడుస్తూ గీయాలా? డ్రై డాక్ నుంచి రుషికొండ దాకా నేను చూసే లెక్క

నేను ఉద్యోగం మొదలుపెట్టింది ఓడలు రిపేరు చేసే ఒక కాంట్రాక్టర్ దగ్గర, ప్లానింగ్ సెక్షన్‌లో. ఇప్పుడు విశాఖ రుషికొండలో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు చూస్తున్నాను. ఓడల పని జరిగే సింధియా వైపు ఉన్న నా పాత స్నేహితుల దృష్టిలో ఎజైల్ (కొంచెం కొంచెంగా చేసి చూపిస్తూ మార్చుకుంటూ పోయే పద్ధతి) అంటే ప్లాన్ వేయడానికి బద్ధకించినవాళ్లు పెట్టుకున్న పేరు. మా టీములో కుర్రాళ్లకేమో వాటర్‌ఫాల్ (అంతా ముందే రాసుకుని మెట్టు మెట్టుగా చేసే పద్ధతి) అంటే ప్రభుత్వాఫీసు ఫైలు. ఎవరి పని వాళ్లు బాగానే చేస్తారు. అవతలివాళ్ల పని చూడకుండా మాట్లాడతారు, అంతే.

కొత్తగా ప్రాజెక్టు చేతికొచ్చి, "ఏ పద్ధతిలో నడుపుతారు?" అని పైవాళ్లు అడిగితే ఏం చెప్పాలో తోచక టెన్షన్ పడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సర్టిఫికెట్ పరీక్షకి చదివేవాళ్లకీ కొంత పనికొస్తుంది. 2021 జనవరి నుంచి పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజర్ల సర్టిఫికెట్) పరీక్షలో సుమారు సగం ప్రశ్నలు ప్రిడిక్టివ్ (వాటర్‌ఫాల్ తరహా) మీద, మిగతా సగం ఎజైల్, హైబ్రిడ్ (రెండూ కలిపినది) మీద ఇచ్చారు కాబట్టి ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే మార్కులు రావు.

రెండూ ఏమిటో క్లుప్తంగా చెప్పేసి అసలు విషయానికి వస్తాను. ప్రిడిక్టివ్ పద్ధతిలో ఏం చేయాలో మొత్తం ముందే రాసుకుంటాం, దానికి డబ్బు, తేదీ లెక్క కడతాం, ఆ గీత మీద నడుస్తాం. మార్పు వస్తే కాగితం మీద పెట్టి, ఖర్చు తేల్చి, సంతకం అయ్యాకే లోపలికి రానిస్తాం. అడాప్టివ్, అంటే ఎజైల్ తరహా పద్ధతిలో మనుషుల్నీ గడువునీ కదలకుండా ఉంచి, కొంచెం చేసి చూపిస్తాం. చూసినవాళ్లు చెప్పినదాన్ని బట్టి తర్వాత ఏది చేయాలో తేలుస్తాం. ఎజైల్‌లో బాగా వాడే స్క్రమ్ అనే పద్ధతిలో ఆ ఒక్కో విడత పేరు స్ప్రింట్. అది నెలకి మించకూడదు. మన దగ్గర ఎక్కువమంది రెండు వారాలు పెట్టుకుంటారు.

చరిత్ర కూడా జనం అనుకునేంత గీత గీసినట్టు లేదు. వాటర్‌ఫాల్‌కి మూలపురుషుడని అందరూ చెప్పే విన్‌స్టన్ రాయిస్ 1970లో రాసిన పేపర్‌లో ఆ మెట్ల బొమ్మ వేసి, వెంటనే ఇలా ఉన్నదున్నట్టు చేస్తే ప్రమాదం, దెబ్బతింటారు అని తనే రాశాడు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్‌లో 17 మంది కలిసి రాసిన ఎజైల్ మేనిఫెస్టో కూడా ప్లాన్ వద్దనలేదు. ప్లాన్ పట్టుకు వేలాడటం కంటే మార్పుకి స్పందించడానికి ఎక్కువ విలువ ఇస్తాం, ప్లాన్‌కీ విలువ ఉంది అని ఆ పేజీలోనే ఉంది. ఆ రెండో ముక్క చదివినవాళ్లు తక్కువ.

ముందు పనిని ముక్కలు చేయండి

మొత్తం ప్రాజెక్టుకి ఒకే పద్ధతి వెతక్కండి. ఏ ప్రాజెక్టు తీసుకున్నా అందులో కాంక్రీటో ఇనుమో కొంత ఉంటుంది, కంప్యూటర్ కొంత ఉంటుంది, మనుషుల అలవాట్లు కొంత ఉంటాయి. తెల్లకాగితం మీద పనిని ఏడెనిమిది పెద్ద ముక్కలుగా రాయండి. ఒక్కో ముక్క పక్కన రెండు ప్రశ్నలకి జవాబు రాయండి.

మొదటిది: చేశాక మార్చాలంటే ఎంత పోతుంది? రూపాయల్లో రాయండి, రోజుల్లో రాయండి. "ఎక్కువ", "తక్కువ" అని రాస్తే ఆ కాగితం దేనికీ పనికిరాదు. పోర్టులో బెర్త్ కోసం నేలలోకి దింపిన పైల్‌ని (పునాది స్తంభాన్ని) రెండు మీటర్లు పక్కకి జరపడం అంటే ఇంకో పైల్ దింపడమే. యాప్‌లో బటన్‌ని పక్కకి జరపడం అరపూట పని. కానీ సాఫ్ట్‌వేర్ అంతా చౌక, సివిల్ అంతా ఖరీదు అనుకోకండి. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో పేషెంట్ నంబరు ఎలా ఇవ్వాలన్నది ఒకసారి తేల్చి, లక్ష రికార్డులు ఎక్కాక మార్చాలంటే అది పైల్‌తో సమానం. అదే బిల్డింగులో గోడల రంగు, కుర్చీల వరస చివరి వారం దాకా మార్చుకోవచ్చు.

రెండోది: మనం అనుకున్నది ఒప్పో తప్పో నిజం ఎప్పుడు తెలుస్తుంది, ఎవరి ద్వారా తెలుస్తుంది? శ్లాబ్ విషయంలో డిజైన్ లెక్కలు, నిర్మాణ నియమాల కోడ్‌లు ముందే చెప్పేస్తాయి. పోశాక కాంక్రీటు దిమ్మ బలం చూసే క్యూబ్ టెస్టు 7 రోజులకి ఒకసారి, 28 రోజులకి ఒకసారి ఖాయం చేస్తుంది. కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి మన స్క్రీన్‌ని వాడుతుందా, పక్కన నోట్‌బుక్ పెట్టుకుని అందులో రాసుకుంటుందా అన్నది ఏ కోడూ చెప్పదు. ఆ అమ్మాయి చేతికి ఇచ్చి చూడాల్సిందే.

ఈ రెండు జవాబులూ పక్కపక్కన పెడితే నాలుగు గదులు వస్తాయి, చాలావరకు దారి కనిపిస్తుంది. మార్చడం ఖరీదు, నిజం ముందే తెలుసు అంటే ప్రిడిక్టివ్. అక్కడ స్ప్రింట్లు పెట్టుకోవడం కాలయాపన. మార్చడం చౌక, నిజం వాడితే గానీ తెలియదు అంటే అడాప్టివ్. అక్కడ రెండొందల పేజీల డాక్యుమెంట్ రాయడం ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. చౌకగా మార్చుకోవచ్చు, ఏం చేయాలో కూడా తెలుసు అంటే ఇక పద్ధతి గురించి మీటింగ్ దండగ. చెక్‌లిస్ట్ రాసి ఒకరికి అప్పగించండి.

మిగిలింది నాలుగోది. మార్చడం ఖరీదు, నిజమూ ఇంకా తెలియదు. ప్రాజెక్టులు మునిగేది ఎక్కువగా ఇక్కడే. ఈ గదిలో పడ్డ ముక్కకి వెంటనే పద్ధతి ఎంచకండి. ముందు కొంత డబ్బు పెట్టి తెలివిడి కొనుక్కోండి: మట్టి పరీక్ష, నమూనా, ఒక్క బ్రాంచిలో ట్రయల్, పాత రికార్డుల తిరగేత, ఏదైనా సరే. తెలియనిది తగ్గిన కొద్దీ ఆ ముక్క దానంతటదే మొదటి గదిలోకో రెండో గదిలోకో జరుగుతుంది.

డ్రై డాక్‌లో రెండు పద్ధతులూ ఒకే ఓడ మీద

ఈ నాలుగో గది ఎలా ఉంటుందో నేను ముందు చూసింది ఓడ అడుగునే. సరుకు ఓడలకి అంతర్జాతీయ నియమం ప్రకారం అయిదేళ్లలో కనీసం రెండుసార్లు అడుగుభాగం తనిఖీ జరగాలి, రెండిటి మధ్య 36 నెలలు దాటకూడదు. అందుకని డ్రై డాక్, అంటే ఓడని లోపల పెట్టి నీళ్లు తోడేసి పనిచేసే తొట్టి, నెలల ముందే బుక్ అవుతుంది. పనుల జాబితా వస్తుంది: ఓడ అడుగు కడగడం, బ్లాస్టింగ్, పెయింటు, జింక్ యానోడ్‌లు మార్చడం, సముద్రపు నీటి వాల్వులు విప్పి బాగుచేయడం, ప్రొపెల్లర్ పాలిష్, షాఫ్ట్ సీలు. వీటికి ఎన్ని రోజులు, ఎంతమంది మనుషులు, ఏది అయితే గానీ ఏది మొదలవదు అన్నది కాగితం మీద ముందే తేలిపోతుంది. బార్ చార్ట్ గోడకి అంటిస్తాం, క్రిటికల్ పాత్ (ఏది ఆలస్యమైనా మొత్తం తేదీ జరిగిపోయే పనుల వరస) ఎర్రరంగులో గీస్తాం. ఇంతవరకూ నూటికి నూరుపాళ్లు ప్రిడిక్టివ్.

డాక్‌లో నీళ్లు తోడేశాక కథ మారుతుంది. అల్ట్రాసోనిక్ గేజ్ పట్టుకున్న మనిషి నిచ్చెన ఎక్కి ప్లేటు ప్లేటుకీ మందం కొలుస్తూ, చాక్‌పీసుతో అంకె అక్కడే రాసుకుంటూ పోతాడు. కట్టినప్పుడు 12 మిల్లీమీటర్లున్న చోట 11 వస్తే ఎవరూ పట్టించుకోరు. 8 అని రాసిన చోట క్లాస్ (ఓడల భద్రత తనిఖీ చేసే సంస్థ) సర్వేయర్ ఆగి, చుట్టూ సున్నా చుడతాడు. ఆ సున్నా అంటే అక్కడి ప్లేటు కోసి కొత్తది వేయాలి. మా ఫోర్‌మన్ ఒకాయన గేజ్ రాకముందే చిన్న సుత్తితో కొట్టి మోత విని, "మేడమ్, ఇక్కడ నాలుగైదు ప్లేట్లు పోతాయండి, రాసుకోండి" అనేవాడు. ఆయన సుత్తి ఎప్పుడూ కాంట్రాక్టు కాగితాల్లోకి ఎక్కలేదు గానీ, నా అంచనాల్లోకి మాత్రం ఎక్కేది.

ఎన్ని టన్నులు మార్చాలో నీళ్లు తీసేదాకా ఎవరికీ పూర్తిగా తెలియదు. అయినా తేదీ కదలదు, ఎందుకంటే తర్వాతి ఓడ బయట లంగరేసి ఉంటుంది, డాక్ అద్దె రోజువారీ పడుతుంటుంది. దీన్ని ఆ రంగం ఎలా సర్దుకుందో గమనించండి. స్టీలు పనికి మొత్తం ఇంత అని కాకుండా కిలోకి ఇంత అని రేటు ముందే ఒప్పుకుంటారు. రోజూ పొద్దున్నే ఓనర్ తరఫు సూపరింటెండెంట్‌తో పావుగంట కూర్చుని, నిన్న కొత్తగా బయటపడినవన్నీ మూడు వరసల్లో పెడతారు: ఇప్పుడే చేయాలి, వచ్చే డాకింగ్‌కి వదిలేయొచ్చు, అసలు వద్దు. భద్రతకి, క్లాస్‌కి సంబంధించినది మొదటి వరస దాటి పోదు. మిగతావాటి వరస ఓనర్ ఇష్టం. సాఫ్ట్‌వేర్‌వాళ్లు బ్యాక్‌లాగ్ అనేది ఇదే.

పెయింటు ఇంకో రకం. గాలిలో తేమ 85 శాతం లోపు ఉండాలి, ఉక్కు వేడి మంచుబిందువు (తేమ నీటిబొట్లుగా మారే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి. మన సముద్రపు గాలికి తెల్లవారుజామున ఇది కుదరని రోజులే ఎక్కువ. అందుకని పెయింటుకి ఒక కిటికీ, అంటే కొంత వ్యవధి, ప్లాన్‌లో కట్టి, ఆ కిటికీ లోపల ఏ గంటకి ఏ వైపు కొట్టాలన్నది ఆ రోజు మీటర్ చూసి చెప్పేవాళ్లం.

తిరిగి డాక్‌లోకి నీళ్లు వదిలేముందు మాత్రం ఎజైలూ లేదు, మరోటీ లేదు. ప్రతి వాల్వు మూసి ఉందా, ప్రతి ప్లగ్గు బిగించారా అని ఒక్కోదాని పక్కన సంతకం పడాలి. "ఈసారికి వదిలేద్దాం, వచ్చే విడతలో చూద్దాం" అనే మాటకి అక్కడ చోటు లేదు.

తెలివిడి కొనుక్కోమన్నాను కదా. ఇక్కడ అది ఎలాగంటే, గత డాకింగ్ గేజింగ్ రిపోర్టు తెప్పించుకోవడం, ఓడ నీళ్ల మీద ఉండగానే బ్యాలస్ట్ ట్యాంకుల (ఓడ నిలకడ కోసం నీళ్లు నింపే అరల) లోపలి నుంచి అనుమానమున్న చోట కొలిపించడం. అప్పటికీ మిగిలిన అనిశ్చితికి మూడు అంచనాల లెక్క వాడండి. 1958 ప్రాంతంలో అమెరికా నేవీ పొలారిస్ క్షిపణి పని కోసం పుట్టిన పెర్ట్ పద్ధతి నుంచి వచ్చింది ఇది. తక్కువలో తక్కువ 10 టన్నులు, మామూలుగా అయితే 16, దరిద్రం పట్టుకుంటే 40 అనుకుందాం. మధ్య అంకెని నాలుగుతో హెచ్చవేసి మూడూ కలిపి ఆరుతో భాగిస్తే 19 వస్తుంది. చాలామంది 16 రాసేసి ఊరుకుంటారు. ఆ మూడు టన్నుల తేడాలోనే మనుషులు రాత్రిళ్లు పనిచేయాల్సి వస్తుంది.

కౌంటర్ మీద పెట్టి చూసిన సాఫ్ట్‌వేర్

ఇంకో కొస నుంచి ఒక పని. రామ్‌నగర్ వైపు ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్. వాళ్లిచ్చిన కాగితంలో ఫోన్‌లో టైమ్ స్లాట్ బుక్ చేసుకోవడం, గుర్తుచేసే మెసేజ్, స్లాట్ మార్చుకోవడం అన్నీ చక్కగా రాసి ఉన్నాయి. మేం మొదటి విడత కౌంటర్ మీద పెట్టి, పొద్దున్న ఆరున్నర నుంచి ఒక మూల కూర్చున్నాం.

వచ్చేవాళ్లలో సగానికి పైగా ఊరివాళ్లు కారు. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి తొలి బస్సుకో రైలుకో పరగడుపున రక్తం ఇవ్వడానికి వస్తారు. బస్సు ఏ టైముకి దింపితే ఆ టైమే వాళ్ల స్లాట్. ఒక పెద్దాయన కౌంటర్‌లో అమ్మాయిని అడిగాడు: "అమ్మా, ఫోను మా వోడి దగ్గరుంది. నా నంబరెప్పుడొస్తాదో సెప్పు, టీ కూడా తాగలేదు." ఆయనకి కావలసింది అపాయింట్‌మెంట్ కాదు, టోకెను. ఇంకా ఎంతమంది ముందున్నారో గోడ మీద కనిపించే తెర. తినకుండా వచ్చినవాళ్లకి వేరే వరస. ఈ మూడూ ఆ కాగితంలో ఎక్కడా లేవు. రాసినాయన తప్పూ లేదు, ఆయన పొద్దున్న పదింటికి వచ్చే మేనేజర్.

ఈ పనిని ఆర్నెల్ల ప్లాన్‌తో కట్టి ఉంటే చక్కటి స్లాట్ బుకింగ్ తయారయ్యేది, కౌంటర్‌లో మాత్రం నోట్‌బుక్కే నడిచేది. రెండు వారాల విడతలు కాబట్టి మూడో విడతకల్లా స్లాట్లు పక్కకి జరిగి టోకెన్లు వచ్చాయి.

అదే ప్రాజెక్టులో ల్యాబ్ యంత్రాల నుంచి ఫలితాలు రిపోర్టులోకి రావడం అనే ముక్కకి మాత్రం మేం స్ప్రింట్ ఆటలు ఆడలేదు. యంత్రం ఏ రూపంలో సంఖ్యలు పంపుతుందో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది, అది మన అభిప్రాయం మీద ఆధారపడదు. ఒక పేషెంట్ షుగర్ ఇంకో పేషెంట్ పేరు మీద పడితే సారీ చెప్పి సరిదిద్దుకునే వ్యవహారం కాదు. ముందే మొత్తం రాసి, పరీక్షల జాబితా తయారుచేసి, ప్యాథాలజిస్టు సంతకం పెట్టాకే లైవ్‌లోకి వదిలాం. జీఎస్టీ బిల్లింగూ అంతే.

తప్పుదారి పట్టించే గుర్తులు

గడువు గట్టిగా ఉంటే ప్రిడిక్టివ్ అనుకుంటారు చాలామంది. ఇది అన్నిటికంటే ఎక్కువగా వినిపించే పొరపాటు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకి వేట నిషేధం. ఫిషింగ్ హార్బర్‌లో పడవల రిపేర్లు ఎక్కువగా ఆ రోజుల్లోనే. జూన్ 15న పడవ నీళ్లలో ఉండాలి, ఇంతకంటే గట్టి గడువు ఉండదు. అయినా పడవ యజమానులు పని నడిపే తీరు చూడండి. ముందు ఇంజను, తర్వాత అడుగు, షాఫ్టు గ్లాండు, వలలు, ఆఖరికి రంగు. డబ్బు అందిన కొద్దీ, లోపల చెక్క తీస్తే బయటపడిన కొద్దీ వరస మారుతుంది. రంగుకి టైము చాలదేమో కదా అని ఒకాయన్ని అడిగితే, "ఏటి మేడమ్, రంగెయ్యకపోతే సేపలు పడవా?" అన్నాడు. తేదీ కదలదు, పని పరిమాణం కదులుతుంది. స్క్రమ్ పుస్తకం చదవకుండా స్క్రమ్ చేయడం అంటే ఇదే.

రిఫైనరీ షట్‌డౌన్‌కీ అంతే గట్టి గడువు ఉంటుంది, కానీ అది పూర్తిగా ప్రిడిక్టివ్. పనుల జాబితాని నెలల ముందే గడ్డకట్టిస్తారు, ఆ తర్వాత కొత్త పని చేర్చాలంటే పెద్దల సంతకాలు కావాలి. ఎందుకంటే అక్కడ సగం పని చేసి ప్లాంటు నడిపే వీలు లేదు. కాబట్టి గడువుని బట్టి కాదు, గడువు దగ్గరపడినప్పుడు కొంత పని వదిలేయగలరా లేదా అన్నదాన్ని బట్టి తేల్చుకోండి. సగం కట్టిన ఫ్లైఓవర్ మీద బండి వెళ్లదు. సగం ఫీచర్లున్న యాప్‌తో కౌంటర్ నడుస్తుంది.

రంగాన్ని బట్టి తేల్చడం కూడా దండగే. బడ్జెట్‌లో పన్ను శ్లాబులు మారితే ఏప్రిల్ 1కి జీతాల సాఫ్ట్‌వేర్‌ని మార్చడం ఐటీ పనే, కానీ నియమం అచ్చులో ఉంది కాబట్టి నేరుగా ప్లాన్ వేసి చేసేయొచ్చు.

ప్లాన్ ఉంటే ఆలస్యం ఉండదన్నదీ భ్రమే. మన ఉక్కు ఫ్యాక్టరీకి 1971లో శంకుస్థాపన, జాతికి అంకితం 1992లో. అక్కడ డ్రాయింగులకి కొదవ లేదు, నిధులు రావడం ఆలస్యమైంది. ఏ పద్ధతీ రాని డబ్బుని తెప్పించలేదు.

కాంట్రాక్టు ఏం చెబుతోందో చూడండి

మీరు ఎంత బాగా ఆలోచించినా, చివరికి పద్ధతిని తేల్చేది చాలాసార్లు వర్క్ ఆర్డరే. ఎల్1 (తక్కువ ధర చెప్పినవారికే పని దక్కే) టెండరులో మొత్తానికి ఒకే ధర కోట్ చేసి, ఆలస్యానికి వారానికి అర శాతం చొప్పున 10 శాతం దాకా కోత ఒప్పుకుని సంతకం పెట్టి, ఆపైన "మేం ఎజైల్ చేస్తాం" అంటే అది నేల విడిచి సాము. ప్రతి డెమోలోనూ క్లయింట్ ఒక కొత్త కోరిక చేరుస్తాడు, ధర మాత్రం మారదు. నాకు తెలిసిన ఒక చిన్న కంపెనీ ఇలాగే ఒక ప్రాజెక్టు మీద రెండు ఏళ్ల లాభం పోగొట్టుకుంది.

దీనికి మూడు మార్గాలు నేను పనిచేయగా చూశాను. తెలియని భాగాన్ని విడదీసి చిన్న ఆర్డరుగా ముందు తీసుకోవడం. అందులో అధ్యయనం, నమూనా మాత్రమే ఉంటాయి. అది తేలాకే పెద్ద ఆర్డరుకి ధర. రెండోది ఓడల స్టీలు లాగా యూనిట్ రేటు. సివిల్ వాళ్లకి ఐటమ్ రేటు టెండరు, చేసిన పనిని కొలిచి ఎం బుక్‌లో (కొలతల పుస్తకంలో) రాసి బిల్లు చేయడం ఎలాగూ అలవాటే. మూడోది ధర స్థిరంగానే ఉంచి మార్పిడి నియమం రాసుకోవడం: కొత్తది ఏది లోపలికొచ్చినా అంతే సైజుది ఇంకా మొదలుపెట్టనిది ఒకటి బయటికి పోవాలి. మూడోది వినడానికి తేలిక గానీ, సైజు ఎవరు తేలుస్తారో కూడా కాంట్రాక్టులోనే రాసుకోకపోతే గొడవే.

నిర్ణయం తీసుకునే మనిషి ఎక్కడున్నాడో కూడా చూడండి. డెమోకి వచ్చిన ఆయన "పైవాళ్లని అడిగి చెప్తాను" అని వెళ్లి, జవాబు మూడు వారాలకి వస్తుంటే రెండు వారాల స్ప్రింట్‌కి అర్థం లేదు. అలాంటి చోట నిర్ణయాలన్నీ పోగేసి, నెలకోసారి తేల్చుకునేలా దశలుగా ప్లాన్ చేసుకోవడమే మర్యాద. టీము పదిమందికి మించితే, అందులో సగం కాలేజీ నుంచి నిన్ననే వచ్చినవాళ్లైతే, అడాప్టివ్ ముక్కల్లో కూడా ఇంకాస్త ముందుగా రాసి ఇవ్వండి. స్వేచ్ఛ ఇచ్చాం కదా అని వదిలేస్తే వాళ్లు బిక్కచచ్చిపోతారు.

రెండూ కలిసే చోట కుట్టు గట్టిగా వేయండి

కాగితం నింపితే చాలా ప్రాజెక్టులు హైబ్రిడ్‌గానే తేలతాయి. హైబ్రిడ్ దెబ్బతినేది ముక్కల్లో కాదు, రెండు ముక్కలు కలిసే అతుకు దగ్గర. ఒక పక్క కాంట్రాక్టర్ తేదీ చెప్పి గోడ పగలగొడుతుంటాడు, ఇంకో పక్క సాఫ్ట్‌వేర్‌వాళ్లు "ఇంకా తేలలేదు" అంటుంటారు. రెండింటి మధ్యా పని ఆగిపోయి రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది.

ఆ డయాగ్నస్టిక్ సెంటర్‌లోనే కౌంటర్ గోడ కొత్తగా కడుతున్నారు. గోడలో కరెంటు, నెట్‌వర్క్ పాయింట్లు ఎక్కడ రావాలో పుట్టీ పెట్టేలోపు చెప్పాలి. కౌంటర్లు మూడా అయిదా, టోకెన్ తెర ఎటువైపు అన్నది మాకు అప్పటికి తెలియదు. మేస్త్రిని అడిగి, అనుమానమున్న ప్రతి చోటికీ ఖాళీ పైపు ఒకటి అదనంగా వేయించాం, లోపల తీగ లాగడానికి సన్న వైరు వదిలి. పైపుకి అయిన ఖర్చు గోడ మళ్లీ పగలగొట్టే ఖర్చులో పిసరంత. మూడు నెలల తర్వాత తెర అనుకోని వైపు వచ్చింది, గోడ ముట్టుకోనక్కర్లేకపోయింది.

అతుకు దగ్గర మీరు రాసుకోవాల్సిన వాక్యం ఒకే తరహాలో ఉంటుంది: ఈ తేదీకి ఈ సంగతి తేలాలి, దీన్ని తేల్చేది ఫలానావారు, తేలకపోతే ఈ ఏర్పాటుతో ముందుకి పోతాం. మూడో భాగం వదిలేయకండి. తేలకపోతే ఏమిటో రాసి ఉంటేనే అవతలివాళ్లు తేలుస్తారు.

ఇక మన ఊళ్లో ఆరుబయట పని ఏదైనా ఉంటే అక్టోబరు, నవంబరు నెలల్ని ప్లాన్‌లో వేరే రంగులో చూపించండి. తుపాను ఏ రోజు వస్తుందో తెలియదు, ఏ నెలల్లో వస్తుందో తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక క్రేన్ పనులు, ఎత్తు మీద పెయింటు ఆ నెలల్లో పెట్టడానికి ఇక్కడి పాతవాళ్లెవరూ ఒప్పుకోరు.

పద్ధతి మార్చాల్సిన సమయం

మొదట ఎంచుకున్నది ఆఖరిదాకా అదే ఉండాలని లేదు. ప్రిడిక్టివ్ ముక్కలో ఒకే విషయం మీద మార్పు కాగితాలు మళ్లీ మళ్లీ వస్తుంటే, అక్కడ మీకు తెలుసనుకున్నది తెలియదన్నమాట. ఆ ఒక్క విషయాన్ని బయటికి తీసి చిన్న విడతల్లో పెట్టండి, మిగతా ప్లాన్‌ని కదపకండి.

దీనికి ఎదురుదాన్ని మాత్రం జనం గమనించరు. వరసగా మూడు నాలుగు డెమోల్లో ఎవరూ ఏదీ మార్చమనకపోతే టీము సంబరపడుతుంది. నేనైతే అనుమానపడతాను. క్లయింట్ ఫోను చూసుకుంటూ కూర్చున్నాడా, లేక నిజంగానే అంతా తేలిపోయిందా? డెమోలో మీరు నొక్కి చూపించడం మాని, ఆయన చేతికి మౌస్ ఇవ్వండి. అప్పుడూ ఏమీ రాకపోతే అంతా తేలిపోయినట్టే. మిగిలినదానికి మామూలు ప్లాన్ గీసి, స్ప్రింట్ మీటింగులు సగానికి తగ్గించి, జనాన్ని పని చేసుకోనివ్వండి.

పైవాళ్లకి తేదీ చెప్పడం

అడాప్టివ్ అన్నారు కదా అని తేదీ చెప్పకపోతే ఏ పై అధికారీ ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. తేదీ చెప్పండి, ఆ తేదీకి ఏది ఖాయమో, ఏది ఉండొచ్చో, ఏది ఉండదో మూడు మాటల్లో పెట్టండి. డయాగ్నస్టిక్ సెంటర్ డైరెక్టర్‌కి మేం పంపిన మెయిల్‌లో అసలు ముక్క ఇంతే: "సార్, నవంబరు 15కి టోకెన్లు, బిల్లింగ్, యంత్రాల రిపోర్టులు కౌంటర్‌లో ఖాయంగా నడుస్తాయి. వాట్సాప్‌లో రిపోర్టు పంపడం ఉండొచ్చు, అక్టోబరు ఆఖరి డెమోలో తేలుతుంది. ఇన్సూరెన్స్ క్లెయిములు ఈ విడతలో లేవు. వాటికి వేరే ధర, వేరే తేదీ." ఆయన ఫోన్ చేసి ఒక్కటే అడిగారు, వాట్సాప్ కంటే ఇన్సూరెన్స్ ముందు చేయొచ్చా అని. చేయొచ్చు సార్, అయితే వాట్సాప్ ఈ విడత నుంచి తీసేస్తాం, సైజు ఎక్కువ కాబట్టి మిగతా తేడాకి డబ్బు అదనం అన్నాను. రెండు రోజులు ఆలోచించుకుని వాట్సాపే ఉంచమన్నారు.